మిషన్‌లో మిగిలిన ఒక్క పెట్టె

బావ పోయాడు. అక్క ఫోన్ చేసేసరికి నేను షాపు తెరిచి, ఒక ఆటో బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాను. "ఓరే, మీ బావ లెగలేదురా," అంది. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు, ఎందుకంటే బావ ఏనాడూ పొద్దెక్కేదాకా పడుకున్న మనిషి కాదు. ఎక్కాక చేతిలో సీసా అక్కడే పెట్టేశాను. ఆ ఆటో అబ్బాయే నన్ను ఇంటిదాకా దింపాడు. బ్యాటరీ మూతలు బిగించామో లేదో ఇద్దరికీ గుర్తులేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసొచ్చిన అక్క పాదాల బొబ్బలు అప్పటికింకా ఆరలేదు. ఆ కాళ్ళతోనే కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది. తీసి, పక్కకి తప్పుకుని, నన్ను లోపలికి వెళ్ళమని చేత్తో చూపించింది.

బావంటే మా అక్క మొగుడు. పోర్టులో పైలట్ లాంచి మీద పనిచేసి రిటైరయ్యాడు. ఓడలు బయట సముద్రంలో లంగరేసి ఆగుతాయి. వాటిని లోపలికి నడిపించే పైలట్లను అక్కడిదాకా తీసుకెళ్ళే చిన్న పడవ అది. గోపాలపట్నంలో మా ఇళ్ళు వెనకా ముందూ వీధుల్లో. మా వైపు అక్క మొగుడు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తాడు కాబట్టి, నలభై దాటిన ఇద్దరు మగాళ్ళం రోజూ ఒకరినొకరు బావా బావా అనుకుంటూ బతికేశాం. ఎవరైనా కొత్తవాళ్ళు వింటే ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోలేకపోయేవారు.

పెద్దకర్మనాడు భోజనాల దగ్గర అందరూ ఆయన మంచితనం చెప్పుకున్నారు. లాంచి మీద పనిచేసినవాళ్ళు వచ్చి, తుపాను రోజుల్లో ఆయన తాడు పట్టిన తీరు చెప్పారు. అన్నీ నిజమే. కానీ ఆయన మిషన్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుందని ఊరుకున్నారేమో. నాకైతే ఆ మిషన్ చెప్పకపోతే బావని చెప్పినట్టే ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ మిషన్ అరచేతిలో పట్టే జీపీఎస్. పాత సెల్‌ఫోన్‌కి కొంచెం లావు, రబ్బరు తొడుగు, రెండు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. దాంతో ఆయన ఆడే ఆట పేరు జియోకాషింగ్. మీలో చాలామందికి తెలిసుండదు. మాకూ తెలియదు. ఎవరో ఒకాయన ఒక చిన్న పెట్టెని ఊళ్ళో ఏ రాయి కిందో, ఏ చెట్టు తొర్రలోనో దాస్తాడు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం లెక్క ఇంటర్నెట్‌లో పెడతాడు. మిగతావాళ్ళు ఆ లెక్కని మిషన్‌లోకి ఎక్కించుకుని వెతుక్కుంటూ వెళ్ళి, పెట్టె తెరిచి, అందులో కాగితం మీద సంతకం పెట్టి, మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టేసి వచ్చేస్తారు. అంతే. డబ్బుల్లేవు, బహుమతుల్లేవు. ప్రపంచమంతా ఆడతారట. మా అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది, కొండని తవ్వి ఎలకని పట్టడం అంటే ఇదేనని.

ఈ పిచ్చి ఆయనకి ఓడ మీద నుంచే వచ్చింది. బావ ఇంకా ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక విదేశీ ఓడ తాలూకు నావికుడు ఒడ్డుకి దిగి, మిషన్ చూపించి, ఇక్కడికెలా వెళ్ళాలని సైగలతో అడిగాడు. మిషన్‌లో బాణం గుర్తు ఊరి చివర ఒక కొండవైపు చూపిస్తోంది. బావకి డ్యూటీ అయిపోయింది. స్కూటర్ ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఒకరి భాష ఒకరికి రాకుండా ఇద్దరూ తుప్పల్లో తిరిగి తిరిగి, చివరికి బావే రాయి ఎత్తి డబ్బా చూపించాడట. "ఆడు సిన్నపిల్లోడిలా గెంతేడు బావా, నాకూ గెంతాలనిపించినాది," అని ఆ రాత్రి మా ఇంటికొచ్చి చెప్పాడు. మళ్ళీ ఆ ఓడ విశాఖ వచ్చినప్పుడు ఆ నావికుడు తన పాత మిషన్‌ని బావకిచ్చి వెళ్ళిపోయాడు. అతని పేరు కూడా బావకి సరిగ్గా పలకడం రాదు. కానీ మిషన్ తీసినప్పుడల్లా, ఆడెక్కడున్నాడో ఏటో, అనేవాడు.

నాకు బ్యాటరీల షాపుంది. ఇన్వర్టర్లు, ఆటోలు, లారీలవే ఎక్కువ, పెన్సిల్ సెల్స్ ఒక మూల అట్టముక్కకి వేలాడుతుంటాయి. ఆ మిషన్ వచ్చాక ఆ అట్టముక్క ఖాళీ అవడం మొదలైంది. బావ డబ్బులిచ్చేవాడు, నేను తీసుకునేవాణ్ణి కాదు, ఆయన అవి కౌంటరు మీద పెట్టేసి పోయేవాడు. చుట్టరికం చుట్టరికమే, పేకాట పేకాటే అనేవాడు. నేనొక్కటే జాగ్రత్త చెప్పేవాణ్ణి, వాడకపోతే సెల్స్ తీసేసి పెట్టు, లోపల కారిపోతే మిషన్ పోతుందని. అది మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. ఇంటికి రాగానే చెప్పులు విప్పినట్టే సెల్స్ విప్పేవాడు.

ఆదివారాలు ఒక్కోసారి నన్నూ లాక్కెళ్ళేవాడు. ఒకసారి బీచ్ రోడ్డులో, నడకకి వచ్చినవాళ్ళ మధ్య, ఒక సిమెంటు బెంచీ కింద తడుముతున్నాడు. ఎవరో పెద్దమనిషి ఏం వెతుకుతున్నారని అడిగాడు. ఆటని నలుగురికీ చెప్పకూడదని వాళ్ళ నియమం. బావ తడుముకోకుండా, తాళం సెవి పడిపోనాదండి, అనేశాడు. ఇంకేముంది, ఆ పెద్దమనిషి ఒంగాడు, ఆయన స్నేహితులు ఒంగారు, మురీలు, అదే మరమరాలు, అమ్మే ఆవిడ బండి వదిలేసి వచ్చి ఒంగింది. పది నిమిషాల్లో ఎవరో నిజంగానే ఒక తాళంచెవి పట్టుకొచ్చి బావ చేతిలో పెట్టారు. పాపం, అది ఎవరిదో. బావ దాన్ని కళ్ళకద్దుకుని, అందరికీ దండం పెట్టి, నన్ను తీసుకుని వెనక్కి వచ్చేశాడు. దారిలో పోలీసు బీటు దగ్గర ఆ చెవి అప్పగించేశాడు. డబ్బా కోసం మళ్ళీ ఇంకో ఆదివారం తెల్లారకముందే వెళ్ళాం.

ఆయన దగ్గర కొన్ని మాటలుండేవి. ఈ ఊళ్ళో నేవీ వాళ్ళ స్థలాలు ఎక్కువ కదా, నేవీ గోడ కనబడితే బాణం మాట ఇనకూడదు, అనేవాడు. బాణం గోడ అవతలికి చూపిస్తున్నా సరే, వెంటనే వెనక్కి తిరిగేవాడు. రెండోది, "మిషను సోటు సూపిస్తాది బావా, ఒంగోడం మాత్రం మనమే ఒంగాల." నిజమే. బాణం చోటు దగ్గరికి తెచ్చి వదిలేస్తుంది. అక్కడినుంచి ఏ రాయి కిందో ఏ వేరు సందులోనో మనమే చూసుకోవాలి. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, అసలు వెతుకులాట అక్కడే మొదలు. నా నడుం ఆ మాటకి ఇప్పటికీ సాక్ష్యం.

మూడోది మిషన్ ఖాళీ చెయ్యడం గురించి. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగినదంతా దాంతోనే ముడిపడి ఉంది.

ఆ మిషన్‌లో ఎన్ని పెట్టెలంటే అన్ని పట్టవు. నిండిపోతే కొత్తవి ఎక్కవు, తెరుచుకోవడమూ నత్తనడకే. తెర మీద వెతకాల్సిన పెట్టె బొమ్మకి మూత మూసి ఉంటుంది. దొరికాక 'ఫౌండ్' అని నొక్కితే ఆ బొమ్మ మూత తెరుచుకుంటుంది. చాలామంది అలా మూత తెరిచినవన్నీ మిషన్‌లోనే ఉంచేసుకుంటారట, ఇన్ని సాధించామని చూసుకోవడానికి. బావ ఉంచడు. "దొరికిందాన్ని మొయ్యకూడదు బావా. దొరకందాన్నే మొయ్యాల," అనేవాడు. ఒకసారి భీమిలి దారిలో పాత పెట్టె ఒకటి తీసెయ్యడం మరిచిపోతే, మిషన్ మమ్మల్ని కొత్తదాని బదులు దాని దగ్గరికే తీసుకుపోయింది. మిట్టమధ్యాహ్నం ఇసకదిబ్బ ఎక్కి దిగాం. అప్పటినుంచి ఆయనకి అది వేదవాక్కు.

ఖాళీ చెయ్యడానికి ఆయన పెట్టుకున్న ముహూర్తం ఆయుధపూజ. విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దసరా వచ్చిందంటే పోర్టులో క్రేన్ల నుంచి వీధిలో ఆటోల దాకా కడిగి, తుడిచి, మామిడి తోరణం కట్టి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టనిదే చక్రం కదలదు. లాంచి మీద ఉన్నన్నాళ్ళూ బావ ముందురోజే లాంచిని అడుగునుంచి కడిగి, పాత తాళ్ళూ పనికిరాని సామానూ ఒడ్డున పడేసి, అప్పుడు పూజకి తయారు చేసేవాడు. రిటైరయ్యాక ఆ కడగడమంతా మిషన్ మీద పడింది. ముందురోజు సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, మూత తెరిచిన పెట్టెల్ని ఒక్కొక్కటే తీసేవాడు. ఒకేసారి అన్నీ పోయే బటన్ ఉంది. కంప్యూటర్‌కి తగిలించి కూడా మొత్తం ఒక్క దెబ్బకి చెరపొచ్చు. ఎందుకింత చాదస్తమని నేనంటే, ఒక్కోదానికీ ఓ దండం ఎట్టి పంపిద్దాం బావా, అన్నీ కలిపి తోసేత్తే ఏం బాగుంటాది, అనేవాడు. నిజంగానే ఒక్కొక్కటి తీసేముందు ఇది ఎక్కడిదో, ఆ రోజు ఏం తిన్నామో, ఎవరు తిట్టారో చెప్పి, అప్పుడు నొక్కేవాడు.

మర్నాడు అక్క తన కుట్టుమిషన్, బావ స్కూటరు, ఈ మిషన్ వరసగా పెట్టి పూజ చేసేది. మిషన్ తెర మీద కుంకుమ పెట్టొద్దని ఆయన ఎంత మొత్తుకున్నా, అక్క పెట్టి తీరేది. బొట్టు లేకుండా పూజేంటని ఆవిడ ధర్మసందేహం. ఒక ఏడు తడి పసుపు బటన్ సందులోకి పోయి గట్టిపడింది. ఆ బటన్ అప్పటినుంచి రెండుసార్లు నొక్కితే గానీ పలకదు. ఇప్పటికీ ఆ సందులో పసుపు కనిపిస్తుంది.

అయితే ఎంత కడిగినా, మిషన్‌లో ఒక్క పెట్టె మాత్రం ఏటా మిగిలిపోయేది. మూత మూసిన పెట్టె. దాని పేరు 'మేడం'.

మేడం అంటే మా అక్కే, ఆవిడ కోసం ఆయన దాచినది అది. ఇంటర్నెట్‌లో పెట్టలేదు. తనే కంప్యూటర్‌లో తయారు చేసి మిషన్‌లోకి ఎక్కించాడు. మా పేట వెనక జీడిమామిడి తోటల మీదుగా ఎక్కితే ఒక కొండగుట్ట ఉంది, ఆ పైన ఎక్కడో. అక్క కూడా ఒక్కసారి రావాలని, తన చేత్తో తనే వెతికి తియ్యాలని ఆయన కోరిక. ఇందులో గుట్టేమీ లేదు, అక్కకి మొదటిరోజే చెప్పాడు. ఇంట్లో ఎట్టిన సామానే నీకు దొరకదు, కొండ మీద ఎట్టింది నాకు దొరుకుతాదా, అని ఆవిడ నవ్వేసింది. తరవాత, ఒచ్చే యేడు సూద్దాం, అంది.

ఒక ఏడు మా మేనకోడలి పరీక్షలు. ఒక ఏడు అక్కకి మోకాళ్ళు. ఒక ఏడు వడియాలు ఎండబెట్టుకున్న రోజు, కాకులు ఎత్తుకుపోతాయని. బావ ఏటా అడిగేవాడు, అక్క ఏటా అదే మాట అనేది. ఇద్దరికీ అదొక పండగ తంతు అయిపోయింది. బావ మాత్రం వానలు తగ్గగానే తనే ఎక్కి, పెట్టె తడిసిందేమో చూసుకుని, కొత్త పెన్సిల్ చెక్కి పెట్టి వచ్చేవాడు. సముద్రపు గాలికి పెన్నులు పనిచెయ్యవు, పెన్సిలే నమ్మకమని ఆయన లెక్క. ఇంట్లో పెన్సిలన్నది నిలవనిచ్చేవాడు కాదు. నువ్వే చూసొస్తున్నావు కదా, ఫౌండ్ అని నొక్కేసి తీసెయ్యొచ్చు కదా అని నేనంటే, "నాను ఎట్టినోణ్ణి బావా, ఎతికినోణ్ణి కాదు. మీ అక్క సూసినప్పుడే దానికి మూత తెరుసుకోవాల," అనేవాడు. లోపల ఏముందని కూడా అడిగాను. మీ తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదని అక్కతో అన్నాడే గానీ చెప్పలేదు.

ఈ ఏడు గిరి ప్రదక్షిణ అయి వచ్చాక బావ అక్క పాదాలకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. "అప్పన్న కోసం కొండ సుట్టూ అంత దూరం తిరుగుతాది గానీ, మొగుడు కోసం ఇంటెనక గుట్ట ఎక్కదు సూడు," అన్నాడు నాతో. అక్క మూతి తిప్పి, ఆయన నాకు మోచ్చం ఇస్తాడు, నువ్వేటిస్తావు, అంది. డబ్బా ఇస్తానన్నాడు బావ. ముగ్గురం నవ్వాం. ఈ బొబ్బలు తగ్గాక ఎల్దాం అన్నాడు. ఒచ్చే యేడు సూద్దాం, అంది అక్క. ఆ వారమే ఆయన పోయాడు.

అక్క ఏడవలేదని కాదు. ఏడ్చింది. కానీ ఆ మాట ఎత్తి ఏడవలేదు. నేనే ఇంటికొచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని, ఆ మాట తలుచుకుని ఏడ్చాను.

మాసికాలు జరుగుతుండగా దసరా దగ్గరపడింది. మా మేనకోడలు పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ళ ఆఫీసులో ఈ ఆట ఆడే అమ్మాయి ఒకతె ఉందట, ఫోన్‌తో ఆడుతోందట. నాన్న మిషన్ బీరువాలో పడుంటే పాడైపోతుంది, ఖాళీ చేసి ఆ అమ్మాయికిస్తే వాడుకుంటుంది కదా మావయ్యా, అంది. తప్పేమీ లేదు. బావ ఉన్నా అదే అనేవాడు. ఆయనకీ ఎవరో వాడినదే ఇచ్చారు. అక్క ఔననలేదు, కాదనలేదు. మీ మావయ్య సూస్తాడు, అంది. అంటే ఆ కడిగే పని నా మీద పడింది.

ఆయుధపూజకి రెండ్రోజుల ముందు సాయంత్రం, బావ వరండాలో, బావ కుర్చీలోనే కూర్చున్నాను. సెల్స్ విడిగా, జంతికల డబ్బాలో ఉన్నాయి. పోయేముందు రోజు కూడా ఆ మనిషి సెల్స్ తీసే పెట్టాడు. కొత్తవి వేశాను. తెరుచుకుంది. మూత తెరిచిన పెట్టెలు వరసగా కనబడ్డాయి. అన్నీ పోయే బటన్ దాకా నా బొటనవేలు వెళ్ళింది, కాదన్లేను. కానీ అది నొక్కితే ఆ 'మేడం' కూడా పోతుంది. అదీగాక పక్కన అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బావలాగే ఒక్కొక్కటే తీశాను. ఇది రుషికొండది, ఇక్కడే కుక్క తరిమింది. ఇది అనాస తోట పక్కది, ఆ కాపలా ముసలమ్మ మమ్మల్ని దొంగలనుకుని, తరవాత పనసతొనలు పెట్టింది. ఇది నేను లేనప్పటిది, నాకు తెలియదు. అక్క వింటోందో లేదో. ఒక్కో మాటకి ఒక్కో ఈనె.

చివరికి మూత మూసిన బొమ్మ ఒక్కటే మిగిలింది. అక్క చేతిలో చేట పక్కన పెట్టింది.

"అది సూడకుండా చెరపొద్దంటాడు కదరా ఆయన," అంది. "పొద్దున్నే ఎల్దాం."

మోకాళ్ళ సంగతి నేను ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

తెల్లారగానే బయల్దేరాం. ఏడాది తిరగని ఇంటి ఆడమనిషి కొండలెక్కుతోందని ఎవరైనా అంటారేమోనని నాకు గుబులుగానే ఉంది. అక్క పట్టించుకోలేదు. మంచినీళ్ళ సీసా పట్టుకుని, కొంగు నడుముకి బిగించి, జీడితోటలోంచి నా ముందే నడిచింది. మిషన్ ఆవిడ చేతికే ఇచ్చాను. బాణం ఎలా తిరుగుతుందో, దూరం అంకె ఎలా తగ్గుతుందో చూపించాను. కాసేపు చూసింది. ఇది నాను తిరిగితే తిరగతన్నాదేటి, అంది. నువ్వెటు తిరిగినా అది పెట్టెవైపే చూపిస్తుందని చెప్పాను. ఆవిడ ఓ చోట ఆగి, చుట్టూ ఒకసారి తిరిగి, బాణాన్ని పరీక్ష చేసింది. మొగుడు ఇన్నేళ్ళు మొరపెట్టుకున్నది అప్పుడు తీరిగ్గా నేర్చుకుంటోంది. నాకు నవ్వొచ్చింది.

రెండుచోట్ల కూర్చుని ఎక్కాం. పైకి వెళ్ళేసరికి ఎండ వచ్చేసింది. దూరం అంకె దిగిపోయి, మిషన్ కూత పెట్టింది. ఎదురుగా ఒక పెద్ద బండ, దాని కింద సందు, ఆ సందుకి అడ్డంగా ఒక పలకరాయి. చూడగానే తెలిసిపోయింది, అది దానంతటది పడ్డ రాయి కాదు, చేత్తో సర్దినది. అంచులు గోడకట్టినట్టు కుదిరి ఉన్నాయి. తాళ్ళు చుట్టి చుట్టి అలవాటైన చెయ్యి అది, ఏదీ వంకరగా పెట్టేది కాదు.

నేను ఒంగాను. రాయి మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఉండరా," అంది అక్క.

ఆవిడే తీస్తుందేమోనని పక్కకి జరిగాను. ఆవిడ ఒంగలేదు. మిషన్ తెరని చీరకొంగుతో తుడిచి, ఆ మూసిన మూత బొమ్మని చూస్తోంది.

"ఇప్పుడిది తీత్తే, దొరికినట్టే కదా?"

అవునన్నాను.

"దొరికితే ఇందులోంచి తీసెయ్యాల కదా."

రాయికి ఇంకో అడుగు దూరం జరిగాను.

అక్క ఆ బండ మీద కూర్చుంది, సందుకి సరిగ్గా పైన. కింద మా పేట, రైలుపట్టాలు, దూరంగా పోర్టు క్రేన్లు, ఆ వెనక సముద్రం మీద లంగరేసిన ఓడలు. ఆయన పని చేసిన చోటంతా అక్కడినుంచి కనబడుతోంది. ఈ చోటు ఎందుకు ఎంచుకున్నాడో నాకు అప్పుడర్థమైంది. అక్కకి కూడా అర్థమై ఉంటుంది. ఆవిడ ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చింది. నేను ఆపలేదు. నీళ్ళసీసా మూత తీసి పక్కన పెట్టాను.

కొంచెం తేరుకున్నాక, ఇంటికెళ్ళినా ఈ బాణం ఇటే చూపిస్తుందా అని అడిగింది. సెల్స్ ఉన్నంతకాలం చూపిస్తుందన్నాను.

"నీకు సెల్స్‌కేటి కరువు," అంది.

లేచి, పలకరాయి అంచు మీద రాలిన ఆకుల్ని చేత్తో దులిపింది. రాయిని మాత్రం కదపలేదు. కొంగు మళ్ళీ బిగించుకుంది.

"పదరా," అంది. "ఒచ్చే యేడు సూద్దాం."

ఇంత దూరం ఎక్కించి ఉత్త చేతులతో దింపుతోందని వేరే రోజైతే గొణిగేవాణ్ణి. ఆ రోజు నోరెత్తకుండా దిగాను. లోపల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. చెక్కిన పెన్సిల్ ఒకటి ఉంటుంది, అంతవరకు ఖాయం.

సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసి మిషన్ గురించి అడిగింది. ఇంకా ఖాళీ అవలేదమ్మా, అని చెప్పింది అక్క. ఆ పిల్ల తండ్రి కూతురే. ఆ ఆఫీసు అమ్మాయికి ఫోన్‌తోనే బాగా దొరుకుతున్నాయిలే, అందట.

ఈ ఏడు వాళ్ళింట్లో పండగ లేదు. అందుకని అక్క మిషన్‌ని గుడ్డలో చుట్టి నాకిచ్చి, నీ షాపులో పెట్టి పూజ చెయ్యమంది. సెల్స్ వేసే ఉంచమంది. కుంకుమ మరిచిపోవద్దని కూడా చెప్పింది. షట్టర్ దగ్గర స్టూలు వేసి, దాని మీద పళ్ళెం పెట్టి, అందులో నా మీటరు, స్పానర్లు, చార్జరు క్లిప్పులు, మధ్యన బావ మిషన్ పెట్టాను. తెర మీద బొట్టు పెట్టాను. అగరొత్తులు వెలిగించాను. ఆ రోజు నన్ను తీసుకెళ్ళిన ఆటో అబ్బాయి తన బండికి బొట్టు పెట్టించుకోవడానికి వచ్చి, ఇదేటన్నా, ఇది పనిసేత్తన్నాదా, అని అడిగాడు.

పళ్ళెం ఎత్తి చూపించాను. వాడివైపు తిప్పితే, కుంకుమ కింద బాణం మెల్లగా కదిలి, షాపు వెనక కొండవైపు తిరిగి ఆగింది. రోడ్డువైపు తిప్పాను. మళ్ళీ కొండవైపే తిరిగింది.